ముప్పై ఏడో సీసా

మా లాబ్‌ల వెలుగు తగ్గితేనే సంబురం.
కణాల కడుపుల ఒక పచ్చని ప్రొటీన్ మెరుస్తుంటది.
పైన అయోడైడ్ నీళ్లు పోస్తం.
క్లోరైడ్ నడిచే తొవ్వనే అయోడైడ్‌కు గూడ తొవ్వ,
అది లోపలికొస్తే మెరుపు మసకబారుతది.
మసకబారిందంటే దర్వాజ తెరుచుకున్నట్టు.
అందుకే హన్మకొండల మే నెల రాత్రి
కరెంటు పోయి జనరేటర్ అందుకునే సందుల
తొంభై ఆరు గుంటల పళ్లెం ముందట కూసోని
నేను చీకటికి మొక్కుతుంట.

కొత్తవాడల రాజలింగం బిడ్డ రిత్విక. ఏడేండ్లది.
రోగం మొదలు పట్టింది డాక్టర్ గాదు, నాయినమ్మ ఐలవ్వ.
ఇరవై ఒకటోనాడు నుదురు ముద్దువెట్టుకోని
పెదవి తుడుచుకోకుంట కొద్దిసేపు ఆగింది.
"గీ పిల్ల ఉప్పగున్నదేందిరా?"
ఎవ్వలు పట్టించుకోలే.
నెమ్మన్నరు, టీబీ అన్నరు, దిష్టన్నరు.
మూడేండ్ల దగ్గు తర్వాత పట్నం పోయి చెమట పరీక్ష జేపిస్తే
కాయితం మీద ఒక అంకె, కింద ఒక పేరు: సిస్టిక్ ఫైబ్రోసిస్.
ఐలవ్వకు చదువు రాదు.
కాయితం అటూ ఇటూ తిప్పి
"నేను జెప్పిందే గద" అన్నది.

ఒకటే దర్వాజ.
ఊపిరితిత్తుల ఉప్పును బయటికి పోనియ్యది,
చెమటదారిల లోపలికి రానియ్యది.
చౌకటున్నది, తలుపున్నది, కీలు బిగుసుకున్నది.
ఉప్పు కదిలితే నీళ్లు ఎనుకనే నడుస్తయి.
ఉప్పు ఆగితే నీళ్లు ఆగుతయి,
పడుగుకు వెట్టిన గంజి అట్టగట్టినట్టు
ఆమె రొమ్ముల తెమడ.

పొద్దుమాపు రాజలింగం మగ్గం దిగి
బిడ్డను బోర్ల పండవెట్టి
దొప్పచేత్తోని వీపు తడుతడు.
చప్పుడు ఆగది గనుక
ఆ ఇంట్ల రెండు మగ్గాలున్నయనుకుంటరు పక్క గల్లీవాళ్లు.

మందు లేదని గాదు. దేశం అవుతల ఉన్నది.
కొత్త తలుపు జెయ్యది అది,
ఉన్న తలుపు సందుల నిలవడి పట్టుకుంటది.
అందరి తలుపుకూ ఒకటే మందు పనికిరాదు,
ఎవ్వల తప్పు వాళ్లదే.
నెలకు దాని ధర ఎన్ని జంపఖానాలైతదో
ఒకసారి ఫోన్ల లెక్కజేసిన.
బ్యాటరీ అయిపోయింది సగంల.
మళ్ల చార్జి పెట్టిన గని, లెక్క తియ్యలే.

ముప్పై ఏడో సీసా. నారింజరంగు పొడి.
పోసిన.
గీత నిలువున కిందికి దిగింది.
గుంట మసకబారింది, మల్లా మల్లా, మూడుసార్లు.
స్టూల్ మీదికెళ్లి లేసిన, మోకాలు బల్లకు తగిలింది,
నొప్పి తెల్లారినంక తెలిసింది.
కొత్తవాడకు ఫోన్ చేద్దామని నంబర్ గూడ నొక్కిన.

తర్వాత, నియమం కోసం,
దర్వాజే లేని కణాల మీద పోసిన.
అక్కడ గూడ వెలుగు పడిపోయింది.
తలుపు లేని గోడల తలుపెట్ల తెరుచుకుంటది?
ఆ పొడే వెలుగును మింగుతున్నది. దాని రంగు అసుంటిది.
మా సారు నవ్వలే.
"రంగున్న మందులు అబద్ధమాడుతయి మంజులా,
రాసుకో" అన్నడు.
రాసుకున్న.

ఐతారం పోయిన.
రిత్విక మజ్జిగ తాగుతున్నది,
ఎండకు చెమటలల్ల ఉప్పు పోతది గనుక
గిలాసకు ఇంకో చెంచెడు ఎక్కువ.
"సీసాలక్కా, దొరికిందా?"
"తప్పు సీసా."
"మరి ముప్పై ఎనిమిది?"
మూతి మీద మజ్జిగ మీసం.
రాజలింగం తెగిన పోగు ముడేస్తున్నడు, తల ఎత్తలే,
గని ఆయన చెయ్యి ఒక్క గడియ ఆగింది.

పోతానంటే ఐలవ్వ నా గదువ పట్టుకోని
నుదురు ముద్దువెట్టుకున్నది.
అలవాటుగ ఆగింది. రుచి చూసింది.
"నువ్వు సప్పగున్నవ్ బిడ్డా" అన్నది,
జాలిపడ్డట్టు.

ముప్పై ఎనిమిదోది తెల్లపొడి.
రంగు లేదు.